టై ముడి ఒక పక్కకు ఒరగకుండా ఉండాలంటే

ఇంటర్వ్యూకు కట్టుకునే టై ముడి ఒక పక్కకు ఒరుగుతోందనీ, సన్నని కొస వెడల్పు కొస కంటే కిందికి వేలాడుతోందనీ మీరు రాశారు. మీరు వివరించిన పద్ధతి ఫోర్ ఇన్ హ్యాండ్ అనే టై ముడి కాబట్టి, ఆ ఒరుగు మీ చేతి లోపం కాదు, ఆ ముడి స్వభావమే. రెండు వైపులా సమంగా కనబడాలంటే హాఫ్ విండ్సర్ అనే మరో ముడి వేయండి.

వెడల్పు కొసను కుడివైపు ఉంచి, సన్నని కొస బొడ్డుకు కాస్త పైన ఆగేలా సర్దుకోండి. ప్రతి చుట్టూ వెడల్పు కొస పొడవునే తగ్గిస్తుంది కనుక మీ రెండో ఇబ్బంది ఇక్కడే తీరుతుంది. వెడల్పు కొసను సన్నదాని మీదుగా ఎడమకు దాటించి, వెనుక నుంచి కుడికి తెచ్చి, పైకెత్తి మెడ ఉచ్చులోకి దించి ఎడమకు లాగండి. తరువాత ముందువైపు నుంచి కుడికి తిప్పి, మెడ ఉచ్చు కింది నుంచి పైకి తీసి, ముందు ఏర్పడిన అడ్డపట్టీలోంచి కిందికి దూర్చండి. పూర్తిగా బిగించే ముందు ముడి కింద చూపుడువేలితో మధ్యలో నొక్కి పట్టుకుంటే చక్కని చిన్న గుంట నిలుస్తుంది. కొస బెల్టు బకిల్‌ను తాకితే పొడవు సరిపోయినట్టే. టై మందపాటి ఊలుదైతే మాత్రం హాఫ్ విండ్సర్ లావుగా ఉబ్బుతుంది. దానికి మీ పాత ముడే మేలు.