డాక్టర్ సలహా: పెంటా వేశాక జ్వరం వచ్చింది.. రెండో డోసు మానేయొచ్చా?

ప్రశ్న: మా పాపకు 12 వారాలు, బరువు 5 కిలోలు. ఆరో వారంలో అంగన్‌వాడీలో పెంటా టీకా వేయించాం. ఆ రాత్రి 101 జ్వరం వచ్చి తొడ వాచింది. పెద్దబాబు జ్వరం సిరప్ ఇంట్లో ఉంటే అర చెంచా పట్టాం, తగ్గింది. ఒకే సూదిలో ఐదు మందులు పసిపిల్ల తట్టుకోలేదని అత్తయ్య అనడంతో రెండోది వేయించలేదు. విడివిడిగా వేయించవచ్చా? ప్రైవేటులో వేసే పెయిన్‌లెస్ టీకా మేలా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టీకా సంగతి తర్వాత, ముందు ఆ అర చెంచా గురించి చెప్పాలి. పెద్దపిల్లల పారాసెటమాల్ సిరప్‌లు చాలావరకు 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉంటాయి. అర చెంచా 2.5 మి.లీ. అనుకున్నా 125 మి.గ్రా. పట్టినట్టే. పసివాళ్లకు డోసు కిలోకు 10-15 మి.గ్రా. అంటే ఇప్పటి బరువుకే 50-75 చాలు, అప్పటికి ఇంకా తక్కువ. అదే డ్రాప్స్ సీసా అయ్యుంటే మరీ ప్రమాదం. వాటిలో సాధారణంగా 1 మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. లేబుల్ మీద నిమెసులైడ్ (జ్వరానికి, నొప్పికి వాడే మరో మందు) పేరుందేమో కూడా చూడండి. 12 ఏళ్లలోపు పిల్లలకు దాన్ని 2011లోనే నిషేధించారు. ఒకరి మందు ఇంకొకరికి, అదీ వంటింటి చెంచాతో, ఇంకెప్పుడూ పట్టకండి.

ఇక టీకా. పెంటా అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియా) - ఈ ఐదింటికీ కలిపి ఒకే సూది. జ్వరం, వాపు ఎక్కువగా కోరింత దగ్గు భాగం వల్ల వస్తాయి. విడగొట్టి డీపీటీ (వీటిలో మొదటి మూడింటి టీకా) వేయించినా అదే జ్వరం వస్తుంది, పైగా హెపటైటిస్-బి, హిబ్‌లకు వేరే సూదులు. పెయిన్‌లెస్ రకంలో జ్వరం తక్కువే, కానీ కోరింత దగ్గు నుంచి రక్షణ కొంత త్వరగా తగ్గుతుంది. పేరు చూసి సూది నొప్పే ఉండదనుకోకండి. భద్రత మాటకొస్తే, శ్రీలంక 2008లో కొన్ని మరణాల తర్వాత పెంటాను ఆపి, నిపుణులు పరిశీలించాక 2010లో మళ్లీ మొదలుపెట్టింది.

నన్ను కంగారుపెడుతున్నది ఆలస్యం. ఆరు నెలలలోపు పిల్లలకు కోరింత దగ్గు ప్రాణం మీదకు తెస్తుంది, ఒక్క డోసు రక్షణ సరిపోదు. మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు. వచ్చే బుధవారమో శనివారమో కార్డు తీసుకుని వెళ్లండి. పోలియో చుక్కలూ, విరేచనాల నుంచి కాపాడే రోటా చుక్కలూ బాకీ ఉండి ఉంటాయి. మూడో డోసు కనీసం 4 వారాల తర్వాత. అయితే మొదటి డోసు తర్వాత ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, ఫిట్స్, స్పృహ తప్పడం, ఒళ్లు వేలాడేయడం, 3 గంటలకు మించి ఆగని ఏడుపు - వీటిలో ఏదైనా ఉంటే మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించకుండా రెండోది వద్దు. మీరు రాసినదాన్ని బట్టి అలాంటివి కనబడలేదు, కానీ పాపను చూడకుండా ఇంతకంటే చెప్పలేను.

వేయించాక అరగంట అక్కడే ఉండండి. తొడ రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు, చల్లటి తడిగుడ్డ చాలు. ముందుజాగ్రత్తగా సిరప్ పట్టొద్దు. జ్వరం వస్తే డాక్టర్‌నో ఏఎన్ఎంనో అడిగి, బరువును బట్టి, సీసాతో వచ్చిన డ్రాపర్‌తోనే ఇవ్వండి. డోసుకీ డోసుకీ 6 గంటలు ఎడం ఉండాలి, రోజుకు నాలుగు మించొద్దు. 48 గంటలు దాటినా జ్వరం ఉన్నా, పాప పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మూడు నెలలలోపు పిల్లలకు టీకా వేయకుండానే 100.4 దాటితే ఇంట్లో మందు ప్రయోగాలు వద్దు, అదే రోజు చూపించాలి.