నాన్న ప్రీమియం నీ ఖాతాలోంచే కట్టు

శైలజా,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. తన హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఈసారి 40,000 అయిందట, అమ్మాయి కడతానంటోంది, పెళ్ళయిన కూతురు కడితే పన్ను తగ్గుతుందా వదినా అని అడిగాడు. తగ్గుతుందమ్మా. నాన్నకి పెన్షన్ వస్తున్నా, వాళ్ళు నీ మీద ఆధారపడకపోయినా తగ్గుతుంది. మీ ఇద్దరికీ పిల్లలకీ కలిపి 25,000 దాకా ఉన్న 80డి మినహాయింపు (అంటే కట్టిన ప్రీమియాన్ని పన్ను లెక్కించే ఆదాయంలోంచి తీసేయడం) కాక, అరవై దాటిన అమ్మానాన్నల కోసం విడిగా ఇంకో 50,000 దాకా ఉంది.

అయితే పాత పన్ను విధానంలో ఉంటేనే. కొత్త విధానంలో 80డి లేదు, 2023-24 నుంచి మనం ఏమీ చెప్పకపోతే కొత్తదే వర్తిస్తుంది. నువ్వు పాతదాంట్లో 30 శాతం శ్లాబులో ఉంటే ఈ 40,000 మీద సెస్సుతో కలిపి 12,480 మిగులుతుంది, కానీ దాని కోసమే పాతదానికి మారకు, రెండు లెక్కలూ వేయించి ఏది తక్కువైతే అది తీసుకో.

ఇంకోటి, డబ్బు నాన్న చేతికివ్వకు. మీ తాతయ్య పాలసీకి నేను ఒక ఏడాది 31,000 ఏజెంటు చేతిలో పెట్టాను, రసీదు కూడా తెచ్చిచ్చాడు. ఆడిటర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, ‘నగదు’ అన్న మాట దగ్గర పెన్ను ఆపి, ఇది పనికిరాదమ్మా అన్నారు. నాకు గుండె జారిపోయింది, ఆ ఏడాది నా జీతంలో అది చిన్న మొత్తం కాదు. అందుకే నీ ఖాతాలోంచి, యూపీఐతోనో చెక్కుతోనో కట్టు. నగదు చెల్లేది ముందుజాగ్రత్తగా చేయించుకునే పరీక్షలకే, అదీ ఈ పరిమితుల్లోనే 5,000 దాకా.

అమ్మకి పాలసీ లేదు కదా, షుగర్ అని అప్పట్లో ఎవరూ ఇవ్వలేదు. తనకీ అరవై దాటాయి కాబట్టి తన మందులు, పరీక్షల ఖర్చు నువ్వు పెడితే అదీ ఆ 50,000లోనే చూపించవచ్చు, నాన్న ప్రీమియం పోను నీకింకా 10,000 ఉంది. మందుల షాపులో ఫోన్‌తోనే కట్టి, బిల్లు మీద అమ్మ పేరు రాయించు.

మీ అత్తగారి ప్రీమియం మాత్రం నువ్వు కడితే నీకు రాదు, అల్లుడు తన ఖాతాలోంచి కట్టుకోవాలి.

రెన్యువల్ తేదీ దాటనివ్వకు. కట్టాక రసీదు నాకు వాట్సాప్ చెయ్యి, ఒకసారి చూస్తాను.

పెద్దమ్మ