ఫిర్యాదుకు వెల కట్టే ముందు

తల్లీ,

ఆన్‌లైన్‌లో తప్పుడు పోస్టులు పట్టిచ్చినవాళ్లకు ఫిర్యాదుకు ఇంత అని డబ్బిద్దామనుకుంటున్నానని రాశావు. బెదిరింపులు పడ్డవాళ్ల గోడు విన్నాకే నీకా ఆలోచన వచ్చిందని తెలుసు. అయినా చెబుతున్నా, ఆ పద్ధతి పెట్టకు.

ఫిర్యాదులు పరిశీలించే పనిలో ఉన్నప్పుడు మేమూ కొన్నాళ్లు అలాగే ఇచ్చాం. ఒకరోజు ఓ స్క్రీన్‌షాట్ వచ్చింది: "రేపు నిన్ను చంపకుండా వదలను." ఆ ఒక్క లైనే. పైనా కిందా కత్తిరించేశారు. ఖాతా మూసేశాను. పది రోజులకు ఆ ఖాతా అమ్మాయి మొత్తం సంభాషణ పంపింది. పై లైనులో స్నేహితురాలు "చెస్‌లో మళ్లీ ఓడిపోయావుగా" అంది! కత్తిరించినవాడికి అప్పటికే డబ్బు ముట్టింది. ఆమె కుట్టుపని ఆర్డర్లన్నీ ఆ ఖాతాకే వచ్చేవి. ఆ పది రోజుల నష్టం ఎవరూ పూడ్చలేదు. సరిగ్గా అక్షరాల అంచున తెగిన ఆ బొమ్మ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

తలకింత అని ఇస్తే కళ్లు తప్పు కోసం కాదు, తలల కోసం వెతుకుతాయి. పాత రోమ్‌లో రాజద్రోహం కేసు నెగ్గితే నిందితుడి ఆస్తిలో నాలుగో వంతు ఫిర్యాదు చేసినవాడికి దక్కేది. తిబెరియస్ చక్రవర్తి కాలానికి అదే కొందరికి బతుకుతెరువైపోయింది.

డబ్బివ్వడమే తప్పనను. అమెరికాలో 2010 నాటి చట్టం ప్రకారం షేర్ మార్కెట్ మోసాల గుట్టు చెప్పినవాళ్లకు, మోసం చేసినవాళ్లకు విధించిన జరిమానా వగైరా మొత్తం 10 లక్షల డాలర్లు దాటితే, వసూలైన దాంట్లో 10 నుంచి 30 శాతం ఇస్తారు. గమనించావా, చర్య తీసుకుని సొమ్ము వసూలయ్యాకే. పైగా సొంత కంపెనీ గుట్టు చెప్పేవాడు ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి. ఎవరో కోపంలో అన్న మాటకు రిపోర్ట్ కొట్టేవాడు పోగొట్టుకునేదేముంది?

నీ దగ్గరున్న డబ్బు పరిశీలించేవాళ్ల జీతాలకు పెట్టు. ఆ భాష, ఆ వేళాకోళం తెలిసినవాళ్లను తీసుకో. ఒకే మనిషి ఒకరి మీదే పదే పదే ఫిర్యాదు చేస్తుంటే ఆగి చూడమను. ప్రాణభయం ఉన్నచోట వెంటనే పోస్టు దాచండి. మిగతావాటిలో అవతలివాళ్లను అడగకుండా ఖాతా మూయొద్దు.

నియమాలు రాసేటప్పుడు, ఫిర్యాదు పడ్డ మనిషి ఎక్కడ, ఎన్ని రోజుల్లో జవాబు చెప్పుకోవచ్చో ముందు ఆ పేజీ రాయి. రాసి నాకు పంపు.

నీ పెదనాన్న