సాంచాల మోతకు చెవిలో దూది చాలదా?

ప్రశ్న: సిరిసిల్లలో మాకు పదహారు సాంచాల (మరమగ్గాల) షెడ్డు ఉంది. పనివాళ్ళు 12 గంటల షిఫ్టు చేస్తారు. ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే 96 డెసిబెల్స్ చూపించింది. ఒకాయన ఇంట్లో టీవీ సౌండ్ బాగా పెంచుతున్నాడట. అందరూ దూది పెట్టుకుంటారు, చాలదా? – ఒక ఆసామి

జవాబు: చాలదండి. దూది ఆపేది చాలా తక్కువ, పైగా ఏదో పెట్టుకున్నాం కదా అన్న ధీమా ఒకటి.

ముందు ఆ 96 సంగతి. ఫోన్ అంకె అంచనాకు పనికొస్తుంది, అంతే. ఒక ఫోన్ మైకుకీ ఇంకోదానికీ తేడా ఉంటుంది, పైగా మీరు గుమ్మం దగ్గర నిలబడి చూశారో సాంచాల మధ్య చూశారో నాకు తెలియదు. అసలు కొలవాల్సింది షెడ్డు మోత కాదు, షిఫ్టు మొత్తంలో ఆ మనిషి చెవికి చేరిన మోత. దానికి డోసిమీటర్ అని చిన్న పరికరం ఉంటుంది, పనివాడి భుజానికి, చెవి దగ్గరగా తగిలిస్తే రోజంతా లెక్క రాసుకుంటుంది. పారిశ్రామిక భద్రత కొలతలు చేసే ల్యాబులు ఒకరోజుకి తెచ్చి పెడతాయి, కొనక్కర్లేదు.

మన ఫ్యాక్టరీ నిబంధనల్లో హద్దు 8 గంటలకు 90 డెసిబెల్స్, ఆపైన 5 పెరిగినప్పుడల్లా ఉండదగ్గ సమయం సగమవుతుంది. అంటే 95లో 4 గంటలే. అదే లెక్క 12 గంటలకు సాగదీస్తే హద్దు 87 దగ్గరకు దిగుతుంది. పనివాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికాలోని నయోష్ సంస్థ ఇంకా కఠినం, 85 దగ్గర మొదలుపెట్టి 3కే సగం చేస్తుంది, దాని ప్రకారం 96లో ముప్పావు గంట కూడా ఉండకూడదు. నేనైతే దీన్నే పట్టించుకుంటాను.

ఇయర్ ప్లగ్గులు కొనండి, కానీ ఎన్ని డెసిబెల్స్ ఆపుతుందో చెప్పే ప్యాకెట్ మీది ఎన్‌ఆర్‌ఆర్ అంకెను ఉన్నదున్నట్టు నమ్మకండి. ఎన్‌ఆర్‌ఆర్ 33 అని ఉంటే అందులోంచి 7 తీసేసి సగం చేయమంటారు, చేతికొచ్చేది 13. మీ 96 అప్పుడు 83 అవుతుంది, అదీ సరిగ్గా పెట్టుకుంటేనే. ఫోమ్ ప్లగ్గుని సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. చాలామంది చెవి అంచున ఇరికించి వదిలేస్తారు. ఇంకోటి, మాట్లాడటానికని షిఫ్టులో సగంసేపు తీసేస్తే ఎంత ఖరీదైన ప్లగ్గయినా నయోష్ లెక్కలో 3 డెసిబెల్స్ మించి కాపాడలేదు. ప్లగ్గు పెట్టుకుంటే దారం తెగినా వినపడదంటారు పనివాళ్ళు, నిజానికి చెవి బాగున్నవాళ్ళకి ప్లగ్గులోంచి కూడా సాంచా చప్పుడులో తేడా తెలుస్తుంది, నాలుగు రోజులు అలవాటు కావాలి.

సగం సాంచాలు ఆపినా షెడ్డు మొత్తం మోత తగ్గేది సుమారు 3 డెసిబెల్సే, కాబట్టి ఆ దారి వద్దు. షటిల్ కొట్టుకునే చోట అరిగిపోయిన బఫర్లు, వదులైన బోల్టులు సరిచేయించండి, డబ్బు తక్కువ, మేలు ఎక్కువ.

టీవీ పెంచుతున్న ఆయన్ని వెంటనే ఈఎన్‌టీ దగ్గరకు పంపి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. పోయిన వినికిడి తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి. మోత దెబ్బ మొదట సన్నటి శబ్దాల మీద, 4000 హెర్ట్‌జ్ దగ్గర పడుతుంది, మాటలు వినపడుతున్నాయి కదా అని మనిషి గమనించుకోడు. మిగతావాళ్ళకీ ఏడాదికోసారి చేయించండి, సెలవు మర్నాడు షిఫ్టు ఎక్కకముందే, ఎందుకంటే కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉంటేనే ఫలితం సరిగ్గా వస్తుంది. రిపోర్టులు భద్రంగా ఉంచండి. ఎందుకంటే మోత వల్ల వచ్చే చెవుడు చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల్లో ఒకటి.