దుప్పటి కప్పుకుని చూసే గులిమి వీడియోలు

ఇష్టమైనా పైకి ఒప్పుకోవడానికి సిగ్గుపడే పని ఏదైనా ఉందా అని ఎవరైనా అడిగితే, ఉందనే చెప్పాలి. చెవిలోంచి గులిమి తీసే వీడియోలు చూస్తాను. ఏదో ఒకటీ అరా కాదు, రోజూ పడుకునే ముందు అరగంట, బ్రైట్‌నెస్ తగ్గించి, దుప్పటి కప్పుకుని మరీ.

ఛీ అన్నారు కదా. మొదటిసారి నేనూ అన్నాను. అంటూనే చివరిదాకా చూశాను, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెబుతాను. సన్నటి గొట్టం చివర కెమెరా ఉంటుంది. చెవి రంధ్రం పొడవు రెండున్నర సెంటీమీటర్లే గానీ తెర మీద సొరంగంలా కనిపిస్తుంది. లోపల ఎండి, గోడకి అతుక్కుపోయిన గులిమి. డాక్టర్ చిన్న కొక్కెంతో దాని అంచుని కదుపుతారు. రాదు. రెండోవైపు నుంచి ప్రయత్నిస్తారు. కాస్త లేస్తుంది. ఇక్కడ నేను ఊపిరి బిగబడతాను. పట్టుకుని మెల్లగా లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చేస్తుంది, వెనకాల ముత్యం రంగులో కర్ణభేరి బయటపడుతుంది. ఆ క్షణంలో నా చెవే తేలికపడినట్టు ఉంటుంది.

పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటి పరిశోధకులు 2013లో ఇలాంటి వాటి మీద ఒక వ్యాసం రాశారు. ఒళ్ళు ప్రమాదమని గగ్గోలు పెడుతుంటే, ఏమీ కాదని బుర్రకి తెలిసినప్పుడు అందులో ఒక మజా పుడుతుందట. రోలర్ కోస్టర్ ఎక్కడం, ఏడిపించే సినిమాలకి వెళ్ళడం అలాంటివే. నిజమే కావచ్చు. నాకు మాత్రం అసలు కారణం వేరే అనిపిస్తుంది. నా ఉద్యోగంలో ఏ పనీ పూర్తయి చావదు. ఫైల్ పంపితే నాలుగు సవరణలతో వెనక్కి వస్తుంది. ఇక్కడ నాలుగు నిమిషాల్లో పని అయిపోతుంది, అయిపోయినట్టు కళ్ళకి కనిపిస్తుంది కూడా.

నేనొక్కణ్ణే కాదులెండి. శాండ్రా లీ అనే అమెరికా చర్మవైద్యురాలు మొటిమలు, గడ్డలు తీసే వీడియోలతోనే పేరు తెచ్చుకున్నారు. 2018లో ఆవిడతో టీవీ షో కూడా మొదలైంది. ఎవరూ చూడకపోతే అంతదాకా వస్తుందా?

ఒక లాభం కూడా ఉంది, కాటన్ బడ్స్ మానేశాను. అవి గులిమిని ఇంకా లోపలికి నెడతాయి. మామూలుగా అయితే అది దానంతట అదే మెల్లగా బయటికి వస్తుంది.

ఇక దొరికిపోయిన రోజు. ఫోన్‌ని టీవీకి కనెక్ట్ చేసి అందరికీ టూర్ ఫోటోలు చూపిస్తున్నాను. వేలు ఎక్కడో తగిలి యాప్ మారింది. తెర నిండా చెవులు. మరదలు పకపకా నవ్వింది. మా ఆవిడ తల పట్టుకుంది. మావయ్యగారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని, "ఏం అల్లుడుగారూ, చెవిపోటా?" అన్నారు పాపం.

"అవునండీ, కొంచెం" అన్నాను.

మర్నాడు ఆయనే దగ్గరుండి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ డాక్టర్ రెండు చెవుల్లోనూ లైటు వేసి చూసి, "శుభ్రంగా ఉన్నాయి, తీయడానికేమీ లేదు" అన్నారు. నిజం చెప్పొద్దూ, కాస్త నిరాశపడ్డాను.