భుజాలు మోస్తున్న బరువు: రొమ్ముల ఆపరేషన్ మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా వయసు 36. ఉపాధ్యాయురాలిని. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి నాలుగేళ్లు. పెళ్లికి ముందు నుంచీ నా రొమ్ములు పెద్దవే. కాన్పుల తరువాత ఇంకా బరువెక్కి కిందికి జారాయి. మెడ, భుజాలు, వీపు పైభాగం రోజూ నొప్పే. బ్రా పట్టీలు ఒత్తుకున్న చోట గుంటలు పడ్డాయి. వేసవి వచ్చిందంటే రొమ్ముల కింద ఒరిసి పుండ్లు పడతాయి. ఎముకల డాక్టరు గారు రెండేళ్లుగా నొప్పి మాత్రలు రాస్తున్నారు. ఆపరేషన్ మాట ఎత్తితే మా అత్తగారు ‘అందం కోసం ఒళ్లు కోయించుకుంటావా’ అంటున్నారు. మావారు నీ ఇష్టం అంటున్నారు గానీ లోపల భయపడుతున్నారు. ఇది అవసరమైన చికిత్సేనా? జారినవాటిని పైకి లేపే ఆపరేషన్ వేరే ఉందట, నాకు ఏది తగినది?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో అందం అన్న మాట మీ అత్తగారి నోట తప్ప మరెక్కడా లేదు. మీరు రాసిందంతా నొప్పి గురించి, పుండ్ల గురించి. ఆ సంగతి ఆవిడకు నెమ్మదిగా చెప్పండి. వీలైతే డాక్టరు దగ్గరికి మీతో తీసుకువెళ్లండి. భుజం మీది గుంటను దగ్గరగా చూసిన పెద్దవాళ్లు మనసు మార్చుకోవడం నేను చాలాసార్లు చూశాను.

రొమ్ముల బరువు ముందుకు లాగుతుంటే, భుజాలు వంగకుండా నిలబెట్టడానికి మెడ, వీపు కండరాలు రోజంతా బిగుసుకునే ఉంటాయి. మాత్ర ఆ పూటకు నొప్పిని తగ్గిస్తుంది గానీ బరువును దించలేదు. ఒరిసిన చోట పుండ్లు కూడా అంతే. ఆ మడతలో చెమట ఆరదు కాబట్టి ఫంగస్ చేరుతుంది, పూతమందుతో మానుతుంది, మళ్లీ ఎండాకాలం రాగానే మొదలవుతుంది. వ్యాయామం, ఫిజియోథెరపీ, కొలత తీయించుకుని కొన్న వెడల్పు పట్టీల బ్రా కొందరికి చాలినంత ఉపశమనం ఇస్తాయి. ముందు కొన్ని నెలలు వాటిని ప్రయత్నించి తీరాలి. ఒంటి బరువు తగ్గితే రొమ్ములోని కొవ్వు కొంత తగ్గుతుంది, కానీ పాలగ్రంథి తగ్గదు. ఎవరి రొమ్ములో కొవ్వు ఎంత, గ్రంథి ఎంత అన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది.

ఇక రెండు ఆపరేషన్ల తేడా. పైకి లేపే ఆపరేషన్‌లో ప్రధానంగా తీసేది సాగిన చర్మాన్ని. లోపలి గ్రంథిని సర్ది, చనుమొనను పైకి చేరుస్తారు. ఆకారం మారుతుంది, బరువు దాదాపు అలాగే ఉంటుంది. పరిమాణం తగ్గించే ఆపరేషన్‌లో గ్రంథిని, కొవ్వును, చర్మాన్ని మూడింటినీ తీస్తారు. మిగిలినదాన్ని పైకి చేర్చి కుడతారు కాబట్టి లేపడం కూడా అందులోనే జరిగిపోతుంది. మీ బాధ బరువు వల్ల కాబట్టి మీకు తగినది రెండోది. కొవ్వును పీల్చి తీయడంతోనే సరిపెడతామని ఎవరైనా అంటే, మీలాగా జారిన రొమ్ములకు దానివల్ల పూర్తి ప్రయోజనం ఉండదని గుర్తుంచుకోండి.

ఈ ఆపరేషన్ పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. చనుమొనను విడదీయకుండా, దానికి రక్తం, స్పర్శ అందించే కణజాలాన్ని ఒక కాడలాగా ఉంచి, చుట్టూ ఉన్నదాన్ని తొలగించి పైకి జరుపుతారు. మరీ పెద్ద రొమ్ములైతే మాత్రం కొన్నిసార్లు చనుమొనను పూర్తిగా తీసి పైన అతికించాల్సి వస్తుంది. అప్పుడు స్పర్శ పోతుంది, పాలివ్వడం కుదరదు. మీ విషయంలో ఏ పద్ధతి అనుకుంటున్నారో ముందే అడగండి.

మచ్చల గురించి దాచకుండా చెబుతాను, ఎందుకంటే తరువాత బాధపడేవారిలో చాలామంది వీటి గురించి ముందుగా సరిగా వినలేదు. చనుమొన చుట్టూ ఒక వలయం, అక్కడి నుంచి కిందికి నిలువుగా ఒక గీత, రొమ్ము కింది మడతలో అడ్డంగా ఇంకొక గీత, మొత్తం మీద పడవ లంగరు ఆకారంలో మచ్చ మిగులుతుంది. మధ్యస్థ పరిమాణమైతే అడ్డగీత లేకుండా చేయగలరు. మొదటి నెలల్లో మచ్చ ఎర్రగా, గట్టిగా ఉండి, చదునుగా లేతబడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మన చర్మపు రంగువారిలో మచ్చ ఉబ్బి కీలాయిడ్ అయ్యే అవకాశం తెల్లవారికంటే ఎక్కువ. మీకు టీకా వేసిన చోటో చెవి కుట్టిన చోటో అలా ఉబ్బిన మచ్చ ఉంటే డాక్టరుకు తప్పక చూపించండి.

రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం, గీతలు కలిసే మూల దగ్గర కుట్లు విడి ఆలస్యంగా మానడం, రెండు వైపులా కొద్ది తేడా రావడం జరగవచ్చు. చనుమొన స్పర్శ కొన్ని నెలలు తగ్గి తిరిగి రావచ్చు, కొందరిలో రాదు. రక్తప్రసరణ దెబ్బతిని చనుమొనే పోవడం అరుదు. పొగాకు ఈ ప్రమాదాలన్నిటినీ పెంచుతుంది. మా ఇంట్లో ఆడవాళ్లు పొగ తాగరని తేలిగ్గా అనకండి; ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దమ్మలు ఉన్నారు, ఖైనీ, గుట్కా వేసుకునేవారు అన్నిచోట్లా ఉన్నారు. ఏ రూపంలో ఉన్నా కనీసం నాలుగు వారాల ముందు మానాలి. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోవాలి. నలభై దాటినవారు, కుటుంబంలో రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు ముందుగా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకోవాలి. తీసిన కణజాలాన్ని పరీక్షకు పంపమని కూడా చెప్పండి, అరుదుగా అందులో బయటికి తెలియని క్యాన్సర్ కనబడుతుంది. మళ్లీ బిడ్డ కావాలన్న ఆలోచన ఉంటే ఆ కాన్పు అయ్యేవరకు ఆగడం మంచిది. ఆపరేషన్ తరువాత చాలామంది పాలివ్వగలరు గానీ, బిడ్డకు చాలినన్ని పడతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆ తరువాతి రోజుల సంగతి. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు, కూర్చుని చేసే పనికి రెండు వారాల్లో వెళ్లవచ్చు. మీది కూర్చుని చేసే పని కాదు. చెయ్యి పైకెత్తి బోర్డు మీద రాయడం, నాలుగేళ్ల పిల్లవాడిని ఎత్తుకోవడం, నీళ్ల బిందె మోయడం, స్కూటీ నడపడం నాలుగు నుంచి ఆరు వారాలు మానుకోవాలి. అందుకని వేసవి సెలవుల మొదట్లో పెట్టుకోవడమే మీకు మేలు. ఆపరేషన్ తరువాత వేసుకోవాల్సిన బిగుతు బ్రాను ఎండల్లో రాత్రింబవళ్లు ఉంచుకోవడం చికాకే అయినా, దసరా సెలవులు దీనికి చాలవు.

బీమా గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీల్లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన నిబంధన ప్రకారం, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాతి పునర్నిర్మాణానికి తప్ప ప్లాస్టిక్ సర్జరీకి డబ్బు రాదు. అయితే ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణమైన ముప్పును తొలగించే చికిత్స అని డాక్టరు ధ్రువీకరిస్తే మినహాయింపు ఉంది. కంపెనీలు ఆ మాటలను చాలా గట్టిగా పట్టుకుంటాయి. కాబట్టి ఎముకల డాక్టరు, చర్మవ్యాధుల డాక్టరు రాసిన చీటీలన్నీ భద్రపరిచి, ఆపరేషన్‌కు ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి. హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రి, నిమ్స్, విశాఖలో కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి. ఎక్కడ చేయించుకున్నా, సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) అనే ప్రత్యేక పట్టా ఉన్నదో లేదో చూడండి. బోర్డు మీద కాస్మెటిక్ అని రాసుకున్నంత మాత్రాన ఆ చదువు ఉన్నట్టు కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. జిల్లా స్థాయిలో బ్యాడ్మింటన్ ఆడేది. రొమ్ములు పెద్దవి కావడం వల్ల ఆట మానేసింది, కాలేజీకి కూడా వంగిపోయి నడుస్తోంది. ఒక టెన్నిస్ క్రీడాకారిణి ఈ వయసులోనే ఆపరేషన్ చేయించుకుందని విన్నాను. మేమూ చేయించవచ్చా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీరు విన్నది రుమేనియాకు చెందిన సిమోనా హాలెప్ గురించి. ఆమె 2009లో, 17 ఏళ్ల వయసులో ఈ ఆపరేషన్ చేయించుకున్నారు. 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో వింబుల్డన్ గెలిచారు. అయితే కోరుకున్నది ఆమె. మీ ఉత్తరంలో మీ అమ్మాయి ఏమంటోందో ఎక్కడా లేదు. డాక్టరు దగ్గర కాసేపు ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వండి.

రొమ్ములు ఇంకా పెరుగుతున్న వయసులో చేస్తే మళ్లీ పెరిగి, మళ్లీ కత్తి పట్టాల్సి రావచ్చు. అందుకే కనీసం ఆరు నెలల నుంచి ఏడాది పాటు పరిమాణం మారలేదని రూఢి చేసుకున్నాకే చేస్తారు. కొలతలు తేదీలతో సహా రాసి పెట్టండి. 18 నిండితే సంతకం ఆమెదే. అంతవరకు ఆగగలిగితే ఆగండి. ఈలోపు గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా కొలత ప్రకారం కొనివ్వండి. సరైనది దొరికాక ఆట మళ్లీ మొదలుపెట్టిన పిల్లలు ఉన్నారు. కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరిగి ఉంటే మాత్రం అది వేరే సమస్య, ఆలస్యం చేయకుండా చూపించాలి.

ప్రశ్న: వయసు 28. ఏడాదిలో 24 కిలోలు తగ్గాను, రొమ్ములు జారిపోయాయి. నొప్పి ఏమీ లేదు. నాలుగు నెలల్లో పెళ్లి. క్రీములు, నూనె మర్దన పనిచేస్తాయా? లేపే ఆపరేషన్ పెళ్లిలోపు చేయించుకోవచ్చా? పిల్లలకు పాలిస్తే మళ్లీ జారతాయా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: క్రీములు, నూనెలు సాగిన చర్మాన్ని వెనక్కు లాగలేవు. వ్యాయామం రొమ్ము కింద ఉన్న ఛాతీ కండరాన్ని బలపరుస్తుంది, రొమ్మును లేపదు.

పెళ్లిలోపు అన్న ఆలోచన మానుకోండి. నాలుగో నెలకు మచ్చలు ఇంకా ఎర్రగానే ఉంటాయి, ఆకారం కూడా పూర్తిగా కుదురుకోదు. పైగా బరువు తగ్గాక కనీసం ఆరు నెలలు నిలకడగా ఉండాలి. జారడానికి కారణం పాలివ్వడం కాదు. గర్భంలో రొమ్ములు పెరిగి తగ్గడం, ఒంటి బరువులో మార్పులు, వయసు, పొగతాగడం. అంటే ఒక కాన్పు అయితే ఇప్పుడు చేయించుకున్నది మళ్లీ మారిపోవచ్చు. నొప్పి లేదు కాబట్టి తొందర లేదు, బీమా కూడా వర్తించదు. పిల్లలు పుట్టి, పాలు మాన్పించిన ఆరు నెలలకు కూడా ఇదే కోరిక ఉంటే అప్పుడు సర్జన్‌ను కలవండి. ఈలోపు కాబోయే భర్తకు ఈ విషయం చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం.