బూడిద పొర మీదికి యంత్రం రాకముందే

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

అమెరికాలోని ఉత్తర ఐడహోలో చెట్లను పలచన చేయబోతున్న అటవీ భూమికి నేల పరిశీలన బాధ్యత నీకు అప్పగించారని, వచ్చే వారమే గోతులు తవ్వడం మొదలుపెడతావని తెలిసి సంతోషించాను. పైన మెత్తటి మట్టి, కింద కంకర, ఇంతకు మించి ఇందులో చూడవలసిందేముంది అని అడిగావు. ఆ రెండు పొరలూ ఒకే చోట పుట్టినవి కావు, ఒకే కాలంలో వచ్చినవీ కావు. ఆ రెండింటినీ కలిపి ఒకే నేలగా లెక్కగట్టిన నివేదిక ఎంత చక్కగా రాసినా తప్పే అవుతుంది. నేను ఆ తప్పు చేసినవాణ్ణి కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

కింద ఉన్న కంకర హిమయుగం నాటిది. కెనడా వైపు నుంచి దిగివచ్చిన కార్డిలెరన్ మంచుపలక నాలుకలా లోయల్లోకి చొచ్చుకువచ్చి, క్లార్క్ ఫోర్క్ నదికి అడ్డుపడి, దాని వెనుక మిజూలా హిమసరస్సును నిలిపింది. ఆ మంచుకట్ట పలుమార్లు తెగి వరదలు పోటెత్తాయి. మంచు కరిగి వెనక్కి తగ్గినప్పుడు మోసుకొచ్చిన రాళ్ళనూ ఇసుకనూ ఇక్కడే వదిలిపెట్టింది. పైన ఉన్న పొర మాత్రం ఆకాశం నుంచి రాలింది. సుమారు 7,700 ఏళ్ళ కిందట దక్షిణ ఆరెగాన్‌లోని మజామా అగ్నిపర్వతం పేలి, కొండ శిఖరమే లోపలికి కుంగిపోయింది. ఆ గుంటలోనే ఇప్పటి క్రేటర్ లేక్ ఉంది. అప్పుడు లేచిన బూడిద గాలివాటున వందల కిలోమీటర్లు వచ్చి ఈ అడవుల మీద పరచుకుంది. కొన్ని గోతుల్లో ఆకుల చెత్త కిందనే లేత బూడిదరంగు సన్నని చార ఒకటి కనబడవచ్చు. అది 1980 మే 18న పేలిన సెయింట్ హెలెన్స్ బూడిద. దాన్ని మజామా పొరతో పొరబడకు. నీకు కావలసిన పొర పసుపు ఛాయ గల గోధుమరంగులో, చేతి కింద పౌడరులా ఉంటుంది.

గోతి ఎక్కడ తవ్వాలన్నది ముందు తేల్చుకో. నేల పటంలో బానర్ వంటి ఒక నేల పేరు రాసి ఉన్నంత మాత్రాన ఆ గీత లోపలంతా అదే నేల అనుకోవద్దు. 1:24,000 స్కేలు పటంలో రెండు హెక్టార్లకు తక్కువైన ముక్కలను విడిగా గీయడమే కష్టం. ఉత్తరం వైపు తిరిగిన వాలుల్లో, పల్లాల్లో బూడిద మందంగా నిలుస్తుంది. దక్షిణపు వాలుల్లో నిప్పుకూ వానకూ కొట్టుకుపోయి పలచబడుతుంది. అడుగు వేసే ముందే చెట్లు కొంత చెబుతాయి. ఎర్ర సెడార్, హెమ్లాక్ నిండుగా ఉన్నచోట తేమ నిలిపే మందపాటి పొర ఉండవచ్చు. పాండరోసా పైన్ తప్ప మరేదీ పెద్దగా లేని ఎండవాలులో ఆ ఆశ పెట్టుకోకు. అయినా చెట్టును సాక్షిగానే తీసుకో, తీర్పు మాత్రం పారతోనే చెప్పించు. గాలికి చెట్టు వేళ్ళతో సహా పెల్లగిలి పడ్డచోట ఒక దిబ్బ, పక్కనే ఒక గుంట ఏర్పడతాయి. అక్కడ కింది కంకర పైకి వచ్చి బూడిదతో కలిసిపోతుంది. పై పొరలో కనబడే గులకరాళ్ళలో చాలావరకు అలా చేరినవే. అటువంటి దిబ్బల మీద, దుంగలను ఈడ్చుకెళ్ళిన పాత బాటల మీద, రోడ్డు అంచున గోతి తవ్వి, దాన్నే మొత్తం భూమికి ప్రతినిధిగా రాయకూడదు.

తవ్వే ముందు 811కు ఫోన్ చేసి భూమి లోపల తీగలూ గొట్టాలూ లేవని నిర్ధారించుకో. అడవే కదా అని ఉపేక్షించవద్దు. నీటి ప్రవాహం పేర్చిన కంకరలో గోతి గోడలకు పట్టు ఉండదు, అవి చెప్పాపెట్టకుండా జారిపోతాయి. 5 అడుగులు, అంతకు మించిన లోతుకు ఆ దేశపు భద్రతా నిబంధనలే గోడలకు ఆధారం ఉండాలంటాయి. నీ పనికి మీటరు లోతు సాధారణంగా చాలు. అంతకంటే లోతు చూడాలనిపిస్తే దగ్గరలో రోడ్డు కోసం కోసిన గట్టును గీకి చూడు.

గోతి తయారయ్యాక గోడను చాకుతో పైనుంచి కిందికి చెక్కి, చాకు ఎక్కడ రాయికి తగలడం మొదలవుతుందో చూడు. చెవితో వినమని నాకు పని నేర్పినాయన అనేవారు. బూడిదలో చాకు సద్దు లేకుండా దిగుతుంది, కంకరలో కరకరలాడుతుంది. ఆ హద్దు లోతును గోతికి నాలుగు వైపులా కొలిచి, ఒక్క సగటు కాక, కనిష్ఠమూ గరిష్ఠమూ కూడా రాయి. ఈ ప్రాంతంలో 20 సెంటీమీటర్ల నుంచి 60 సెంటీమీటర్ల వరకు మందం సాధారణం. ఒకే గోతిలో ఒక గోడకూ ఎదుటి గోడకూ 15 సెంటీమీటర్ల తేడా కనబడినా కంగారు పడకు.

తరువాత చిటికెడు తడిమట్టిని వేళ్ళ మధ్య గట్టిగా రుద్ది చూడు. మొదట గట్టిగా ఉన్నట్టే ఉండి, నొక్కేసరికి నీరు వదిలి జిడ్డుగా జారుతుంది. రుద్దడం ఆపితే మళ్ళీ బిగుస్తుంది. బూడిదలోని అగ్నిపర్వత గాజు రేణువులు శిథిలమై అల్లోఫేన్, ఇమోగోలైట్, ఫెర్రిహైడ్రైట్ అనే అతి సూక్ష్మ పదార్థాలుగా మారడం వల్ల ఈ గుణం వస్తుంది. వీటిలో మొదటి రెండూ బంకమట్టిలా పలకలు పలకలుగా కాక, బోలు గోళీల్లా, సన్నని గొట్టాల్లా ఉండి, తమ లోపలా చుట్టూ నీటిని పట్టుకుంటాయి. అందుకే ఈ నేలను ప్రయోగశాలలో నీటిలో కలిపి ఇసుక, ఒండ్రు, బంకమట్టి పాళ్ళు తేల్చబోతే, రేణువులు సరిగా విడిపోక బంకమట్టి తక్కువ చూపుతుంది. ఒకసారి పూర్తిగా ఎండిన నమూనా మళ్ళీ తడిపినా మునుపటి గుణానికి రాదు. కనుక కొన్ని నమూనాలను ఎండబెట్టకుండా, తేమ పోని సంచుల్లో మూతికట్టి పంపించు. సోడియం ఫ్లోరైడ్ ద్రావణంలో మట్టి వేసి రెండు నిమిషాలకు పీహెచ్ 9.4 దాటుతుందేమో చూసే పరీక్ష ఒకటుంది. అది అల్లోఫేన్ జాడ చెబుతుంది కానీ, సున్నం ఉన్న నేలలోనూ అంకె పెరుగుతుంది కనుక దాన్నొక్కదాన్నే నమ్ముకోకు. ఆ ద్రావణం విషం. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు.

ఇక రాళ్ళ లెక్క. చాలామంది తడబడేది ఇక్కడే, నేను తడబడ్డదీ ఇక్కడే. అమెరికా నేల వర్గీకరణలో 2 మిల్లీమీటర్లకు మించినదంతా రాతిముక్క కిందికి వస్తుంది. 15 నుంచి 35 శాతం ఉంటే కంకర నేల, 35 నుంచి 60 శాతం ఉంటే మిక్కిలి కంకర నేల. ఈ శాతాలన్నీ ఘనపరిమాణంలో చెప్పినవి, బరువులో కాదు. నువ్వు జల్లెడ పట్టి తూచేది మాత్రం బరువు. బరువులో సగం రాళ్ళు, సగం మట్టి ఉన్న నమూనాను తీసుకుందాం. రాయి సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములు. ఆ మట్టి కింది పొరదై, సాంద్రత 1.4 అయితే రాళ్ళు ఘనపరిమాణంలో 35 శాతం అవుతాయి. అదే మట్టి బూడిదై, సాంద్రత 0.8 అయితే అవే రాళ్ళు 23 శాతమే. బూడిద అంత తేలిక. ఆండిసాల్ అనే అగ్నిపర్వత నేలల వర్గానికి పెట్టిన గుర్తుల్లో సాంద్రత 0.9కి మించకపోవడం ఒకటన్నది నువ్వు చదువుకునే ఉంటావు. అయితే గాజు ఇంకా పూర్తిగా శిథిలం కాని ఇక్కడి నేలలు తరచు వేరే కొలమానాల మీద ఆ వర్గంలో చేరతాయి. నేను మొదటి సంవత్సరం రెండు పొరలనూ ఒకే బకెట్టులో కలిపి, ఒకే సాంద్రతతో లెక్క కట్టి, భూమి మొత్తాన్నీ మిక్కిలి కంకర నేల అని రాశాను. కంకర నేల గట్టిదే కదా అని వసంతకాలపు తడిలో యంత్రాలను దింపారు. పై బూడిద మోకాలి లోతు చక్రాల గాడులుగా నలిగిపోయింది. పదిహేనేళ్ళ తరువాత వెళ్ళినప్పుడు కూడా ఆ గాడుల వెంట మొలకలు పక్కనున్న వాటి కంటే పొట్టిగానే ఉన్నాయి. దింపినవారిని అనడానికి లేదు, వాళ్ళు నా కాగితాన్నే చదివారు.

సాంద్రత కొలవడానికి ఇనుప వలయం దిగ్గొట్టే పద్ధతి పై పొరలో పనిచేస్తుంది. కంకరలో వలయం రాయికి తగిలి వంకరపోతుంది. అక్కడ చిన్న గుంట తవ్వి, తీసిన మట్టినంతా దాచి, గుంటలో పలచని ప్లాస్టిక్ సంచి పరచి, కొలిచిన నీళ్ళతో నింపి గుంట పరిమాణం కనుక్కో.

ఇంత శ్రమ దేనికంటే, చెట్టుకు వేసవిలో నీరు ఎక్కడినుంచి వస్తుందో తేలాలి. ఈ ప్రాంతంలో తేమ ఎక్కువగా చలికాలపు మంచుగా వస్తుంది, జూలై ఆగస్టు నెలలు పొడి. 30 సెంటీమీటర్ల బూడిద పొర, సెంటీమీటరుకు 0.2 సెంటీమీటర్ల చొప్పున, సుమారు 6 సెంటీమీటర్ల నీటిని వేళ్ళకు అందేలా దాచుకుంటుంది. దాని కింద అంతే మందం గల కంకర, సెంటీమీటరుకు 0.05 చొప్పున, ఒకటిన్నర సెంటీమీటర్లే ఇస్తుంది. పైగా సన్నని రంధ్రాలున్న బూడిద ముతక కంకర మీద కూర్చున్నప్పుడు, పై పొర దాదాపు నిండేవరకు నీరు హద్దు దాటి కిందికి దిగదు. అది చెట్టుకు మేలే. అయితే దాని వల్లనే పై పొర చాలా రోజులు తడిగా, బలహీనంగా ఉంటుంది. పైకి ఆరినట్టు కనబడిన రోజున కూడా హద్దు దగ్గర పిడికిట మట్టి తీసి నొక్కి చూడు. నీరు చెమర్చితే యంత్రానికి ఆ రోజు సెలవు.

హద్దు కింద ఉన్నది ఏ రకపు కంకర అన్నదీ రాయాలి. గుండ్రని రాళ్ళు పొరలు పొరలుగా ఉంటే అది ప్రవాహం పేర్చినది. నీరు చకచకా దిగిపోతుంది, కలిసిన కల్మషమూ దాని వెంటే భూగర్భజలానికి చేరుతుంది. అంచులు అరగని రాళ్ళు, గీతలు పడ్డ రాళ్ళు చిన్నాపెద్దా తేడా లేకుండా సన్నమట్టిలో ఇరుక్కుని ఉంటే అది మంచు నేరుగా వదిలినది. మంచు బరువుకు అణగిన అటువంటి పొర సిమెంటులా బిగిసి ఉంటే వేళ్ళు దాని మీద అడ్డంగా పాకుతాయి, నీరు దాని మీద పక్కకు జారుతుంది, పెనుగాలికి చెట్లు పళ్ళెంలాంటి వేళ్ళతో పెల్లగిలతాయి. అటువంటిచోట హద్దు దగ్గర నీరు నిలిచిందనడానికి గుర్తుగా తుప్పు మచ్చలు, బూడిదరంగు చారలు కనబడతాయేమో వెతుకు. కనబడితే అక్కడ ఒక్కసారిగా ఎక్కువ చెట్లు తీయవద్దని రాయి.

పోషకాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ బూడిద భాస్వరాన్ని గట్టిగా పట్టి ఉంచుకుని చెట్టుకు తేలికగా వదలదు. నత్రజని సేంద్రియ పదార్థంలో చిక్కుకుని నెమ్మదిగా విడుదలవుతుంది. కింది కంకరలో పోషకాలను పట్టి ఉంచే మట్టే తక్కువ. అంటే ఈ నేల సంపద పైనున్న ఆ జానెడు మందంలోనూ, కొమ్మల్లో ఆకుల్లోనూ ఉంటుంది. కొమ్మలను, సూది ఆకులను వెంటనే పోగేసి తగలబెట్టకుండా కనీసం ఒక చలికాలం నేల మీద వదిలితే, వానకూ మంచుకూ పొటాషియం కరిగి నేలలోకి దిగుతుంది. నిప్పు ప్రమాదం గురించి అగ్నిమాపక బృందం అభ్యంతరం చెబుతుంది. వారితో కూర్చుని, ఏ వాలులో ఎంత వదలవచ్చో మాట్లాడుకో. పట్టుదలకు పోవద్దు, ఆ మాట కూడా సబబైనదే.

యంత్రాల విషయంలో మాత్రం పట్టుదల చూపించు. అణగదొక్కడం వల్ల కలిగే నష్టంలో ఎక్కువ భాగం మొదటి కొద్ది రాకపోకల్లోనే జరిగిపోతుంది. కనుక అందరూ తలోదారిన వెళ్ళడం కంటే పాత బాటలనే గుర్తించి, రంగు పట్టీలు కట్టి, వాటి మీదనే నడిపించడం మేలు. నేల గడ్డకట్టినప్పుడో, మందపాటి మంచు ఉన్నప్పుడో పని పెట్టుకోమని సూచించు. వేసవి పొడిలో బూడిద పొడి దుమ్మై లేచిపోతుందనీ, యంత్రం మలుపు తిరిగిన ప్రతిచోటా పక్కకు ఒరుసుకుపోతుందనీ మరచిపోవద్దు. అమెరికా అటవీ శాఖవారి ఉత్తర విభాగంలో పని జరిగిన భూమిలో 15 శాతానికి మించి నేల చెడకూడదన్న ప్రమాణం ఉంది. నీ భూమి ప్రైవేటుదైనా ఆ అంకెను పైహద్దుగా పెట్టుకుని, పాత బాటలు ఇప్పటికే ఎంత శాతం తిన్నాయో ముందు కొలువు. అణగిన బూడిద దశాబ్దాలకు కొంత కోలుకుంటుంది. కొట్టుకుపోయిన బూడిదకు బదులు రావాలంటే మరో కొండ పేలాలి.

నివేదికలో బూడిద మందం, దాని కింది కంకర రకం, యంత్రాలు దిగకూడని నెలలు, ఈ మూడింటినీ మొదటి పుటలోనే పెట్టు. అనుబంధంలో పెడితే యంత్రం నడిపేవాడి దాకా అవి చేరవు. వీలైతే పని మొదలయ్యే రోజున అతణ్ణే ఒక గోతి దగ్గరికి పిలిచి, హద్దు చూపించి, పిడికెడు తడి బూడిదను అతని చేతిలో పెట్టి నొక్కమను. మొదటి గోతి గోడ ఫోటో, నాలుగు వైపుల కొలతలు నాకు పంపించు.

ఆశీస్సులతో,
పెదనాన్న